లయ, లెక్క, లిపి

యంత్రాన్ని వాడడం వేరు. యంత్రానికి ఏమి చెబుతున్నామో తెలిసి వాడడం వేరు. పెద్ద విషయాలలో ఈ భేదాన్ని అందరూ అంగీకరిస్తారు. సూత్రాన్ని కంఠస్థం చేసినవానికంటే దానిని రాబట్టగలిగినవాడే మేలని గణితోపాధ్యాయులు చెప్పని రోజు వుండదు. కాని చిన్న విషయాలలో, ముఖ్యంగా ఆటపాటల విషయంలో, ఈ భేదాన్ని పట్టించుకునేవారు అరుదు. ఈ వ్యాసంలో నేను తీసుకున్నది అటువంటి చిన్న విషయమే. మన విద్యార్థులలో పలువురు కంప్యూటరు మీద తాళానికి అనుగుణంగా ఆడే ఆటలు ఆడుతున్నారు. వారిలో కొందరు ఆ ఆటలకు స్వయంగా మ్యాపులు కూడా తయారు చేస్తున్నారు. అలా చేసేవారు ఎడిటర్ చూపించే బొమ్మల దగ్గరే ఆగిపోక, మ్యాపు వెనుకనున్న ఫైలును తెరచి, చదివి, చేతితో దిద్దడం నేర్చుకోవాలని, అందుకు కళాశాల కొంత చోటు కల్పించాలని నా అభిప్రాయం.

ఈ ఆటలతో పరిచయం లేని పెద్దల కోసం రెండు మాటలు చెప్పవలసి వున్నది. పాట మోగుతూ వుంటుంది. తెర మీద గుర్తులు వస్తూ వుంటాయి. సరిగా దెబ్బ పడే క్షణానికి మీట నొక్కడమో, మౌసుతో తాకడమో, కాలితో అడుగు వేయడమో చేయాలి. క్షణం తప్పితే మార్కులు తగ్గుతాయి. జపాను దేశపు కొనామీ సంస్థ 1997లో బీట్‌మేనియా, 1998లో డాన్స్ డాన్స్ రెవల్యూషన్ అనే యంత్రాలను ఆటశాలలకు తీసుకురావడంతో ఇవి ప్రచారంలోకి వచ్చాయి. వాటిలో సంస్థ ఎంచిన పాటలే వుండేవి. తమకు నచ్చిన పాటకు తామే గుర్తులు కూర్చుకోవాలన్న కోరికతో అభిమానులు స్వంతంగా ప్రోగ్రాములు వ్రాసుకున్నారు. 1998లోనే జపానులో బీఎంఎస్ అనే ఫైలు పద్ధతి పుట్టింది. 2001లో స్టెప్‌మేనియా, 2007లో ఆస్ట్రేలియాకు చెందిన డీన్ హెర్బర్ట్ రూపొందించిన ఓసు, 2018లో చెక్ దేశపు సంస్థ రూపొందించిన బీట్ సేబర్ వచ్చాయి. వీటి కోసం అభిమానులు చేసే మ్యాపులన్నింటిలోనూ ఒక పోలిక వున్నది. ఏ గుర్తు ఏ క్షణాన ఎక్కడ రావాలో చెప్పే ఫైలు రహస్య లిపిలో లేదు. నోట్‌ప్యాడులో తెరిస్తే కంటికి కనిపించే మామూలు అక్షరాలలో, అంకెలలో వున్నది.

మొదట స్టెప్‌మేనియా ఫైలును చూద్దాం. పై భాగంలో పాట పేరు, గాయకుని పేరు, రికార్డుకూ తాళానికీ పొత్తు కుదిర్చే ఆఫ్‌సెట్ అనే సంఖ్య, నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే లెక్క వుంటాయి. కింది భాగంలో ఆవర్తాలు వరుసగా వుంటాయి. ఆవర్తానికీ ఆవర్తానికీ మధ్య ఒక కామా. ఆవర్తంలోని ప్రతి వరుసకు నాలుగు అంకెలు; అవి ఎడమ, కింద, పైన, కుడి బాణాలకు గుర్తులు. సున్న వుంటే ఆ బాణం రాదు. 1 వుంటే ఒక అడుగు. 2 వుంటే అడుగు వేసి పట్టి వుంచాలి. 3 వచ్చినప్పుడు విడవాలి. ఆవర్తంలో నాలుగు వరుసలుంటే వరుసకొక దెబ్బ. ఎనిమిది వుంటే వరుసకు అర దెబ్బ. పన్నెండు వుంటే ఒక్కొక్క దెబ్బ మూడు ముక్కలవుతుంది. అదే 1 అంకె, తానున్న ఆవర్తంలో ఎన్ని వరుసలున్నాయన్న దానిని బట్టి వేరు వేరు కాలప్రమాణం పొందుతున్నది.

ఇది మనకు కొత్త విషయం కానే కాదు. తెలుగు ఛందస్సు చదివిన విద్యార్థికి సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వాక్షరం గురువవుతుందని తెలుసు. అక్షరం మారలేదు, దాని స్థానం దాని కాలాన్ని మార్చింది. ఉర్దూ విభాగపు మిత్రులు షేర్‌ను తక్తీ చేసి బహర్‌లోని రుక్న్‌లుగా విడగొట్టేటప్పుడు చేసేది కూడా ఇటువంటి పనే. పద్యపాదం మీద లఘువు గురువు గుర్తులు పెట్టగలిగిన చేయి ఈ ఫైలును చదవలేకపోవడానికి కారణం లేదు. కావలసింది భయం పోవడమే.

ఫైలు చదవడం తెలియకపోతే కలిగే నష్టం ఏమిటని అడగవచ్చు. ఎనిమిది వరుసలుండవలసిన ఆవర్తంలో పొరపాటున ఒక వరుస చెరిగిపోయి ఏడే మిగిలాయనుకోండి. స్టెప్‌మేనియా ఆ లోపాన్ని ఎత్తి చూపదు. ఆ ఏడు వరుసలనే ఆవర్తం పొడవునా సమంగా పరచివేస్తుంది. తెర మీద అన్ని బాణాలూ వస్తాయి, కాని మొదటిది తప్ప ఏదీ తాళం మీద పడదు. ఫైలు తెలియనివాడు ఆ బాణాలను ఒక్కొక్కటిగా జరుపుతూ పూటంతా గడుపుతాడు. తెలిసినవాడు వరుసలు లెక్కించి, లేని చోట నాలుగు సున్నలు చేర్చి లేస్తాడు.

ఇక ఓసు ఫైలు. దీని మొదటి వరుసలోనే ఇది ఏ ఫైలు పద్ధతి, ఎన్నవ కూర్పు అన్నది వుంటుంది. తరువాత భాగాలు: సాధారణ విషయాలు, పాట వివరాలు, కష్టపు స్థాయి, కాలబిందువులు, చివరకు గుర్తులు. గుర్తుకు ఒక వరుస. వరుసలో మొదటి రెండు సంఖ్యలు తెర మీద స్థానాన్ని చెబుతాయి. ఆటస్థలం వెడల్పు 512, ఎత్తు 384 కాబట్టి 256, 192 అంటే నడిమధ్య. మూడవ సంఖ్య కాలం, మిల్లీసెకన్లలో. నాలుగవది గుర్తు రకం. 1 అంటే వలయం. 5 అంటే వలయమే, అయితే అక్కడి నుంచి కొత్త గుంపు మొదలవుతుంది. ఒకటికి నాలుగు చేరి అయిదయింది. పుస్తకంలో ద్విసంఖ్యామానం చదివి, దీని ఉపయోగం ఏమిటని విసుక్కున్న విద్యార్థికి ఇక్కడ జవాబు దొరుకుతుంది. కాలబిందువులలో ధన సంఖ్య వుంటే అది ఒక దెబ్బకు పట్టే మిల్లీసెకన్లు. ఋణ సంఖ్య వుంటే అది కాలం కాదు, జారుడు గుర్తుల వేగం. మైనస్ 100 మామూలు వేగం, మైనస్ 50 దానికి రెట్టింపు, మైనస్ 200 దానిలో సగం.

ఈ రెండు పద్ధతులకూ గల తేడా ఆలోచించదగినది. స్టెప్‌మేనియా తాళాన్ని బట్టి వ్రాస్తుంది. ఓసు గడియారాన్ని బట్టి వ్రాస్తుంది. మొదటిది ఛందస్సు వంటిది. పద్యాన్ని నెమ్మదిగా చదివినా వేగంగా చదివినా గణాలు మారవు. రెండవది ఆ పద్యాన్ని ఒకరు చదివినప్పుడు ఏ అక్షరం ఏ క్షణాన పలికిందో వ్రాసి పెట్టుకున్నట్లుంటుంది. పాటను ఎంపీ3గా మార్చి మళ్లీ విప్పేటప్పుడు మొదట్లో కొంత నిశ్శబ్దం చేరుతుంది. సెకనుకు 44,100 నమూనాలున్న రికార్డులో, విప్పే ప్రోగ్రాము దానిని తీసివేయకపోతే, ఇది సాధారణంగా 1,105 నమూనాలు, అంటే సుమారు 25 మిల్లీసెకన్లు వుంటుంది. రికార్డు మారిన కారణంగా మ్యాపు అంతా అంత మేరకు జరపవలసి వస్తే, స్టెప్‌మేనియా ఫైలులో ఆఫ్‌సెట్ అనే ఒక్క సంఖ్యను దిద్దితే చాలు. ఓసు ఫైలులో ప్రతి గుర్తుకూ, ప్రతి కాలబిందువుకూ ఆ 25 కలపాలి. వేయి వరుసలకు చేతితో కూడిక చేయడం అవివేకం. పది వరుసల చిన్న ప్రోగ్రాము వ్రాయడం వివేకం. మన విద్యార్థి తనకు నిజంగా అవసరమైన మొదటి ప్రోగ్రామును బహుశా ఇక్కడే వ్రాస్తాడు.

లెక్క ఎంత సూక్ష్మమైనదో ఒక ఉదాహరణ చెబుతాను. నిమిషానికి 128 దెబ్బల పాట వున్నది. 60,000 మిల్లీసెకన్లను 128తో భాగిస్తే దెబ్బకు 468.75. ముప్పాతికను ఎవరు చూడవచ్చారని 469 అని వ్రాస్తే ఏమవుతుంది? దెబ్బకు పావు మిల్లీసెకను తేడా. చెవికి తెలియదు. అయితే మూడు నిమిషాల పాటలో 384 దెబ్బలున్నాయి. చివరకు చేరేసరికి తేడా 96 మిల్లీసెకన్లు. ఓసులో కచ్చితత్వపు స్థాయి 5గా పెట్టిన మ్యాపులో పూర్తి మార్కులకు ఇచ్చే గడువు దెబ్బకు అటు 50, ఇటు 50 మిల్లీసెకన్లు మాత్రమే. అనగా 200 దెబ్బలు, సుమారు ఒకటిన్నర నిమిషం గడిచేసరికి, పాటతో సరిగా కొట్టినవానికి కూడా పూర్తి మార్కులు రావు. వాని చెవి సరైనదే, చేయి సరైనదే; తప్పు వ్రాసినవాని దశాంశంలో వున్నది. అతడు మాత్రం తనకే తాళజ్ఞానం లేదనుకుని ఆట మానుకుంటాడు. ఒకరి అజాగ్రత్తకు మరొకరు తమను తాము నిందించుకునే ఈ పరిస్థితి ఆటకే పరిమితం కాదని వేరుగా చెప్పనవసరం లేదు.

ఇప్పుడు నా వాదంలోని ముఖ్యమైన భాగానికి వస్తాను. ఈ ఆటలకు ఎక్కువగా వాడే సంగీతం యంత్రం మీద కూర్చినది. దాని వేగం మొదటి నుంచి చివరి వరకు ఒక్కటే. ఆవర్తానికి నాలుగు దెబ్బలు. అటువంటి పాటకు మొదట్లో ఒక కాలబిందువు పెడితే సరిపోతుంది. మన పాటలు అలా నడవవు. ఖవ్వాలీ విలంబంగా మొదలై, సభ వేడెక్కేకొద్దీ వేగం పుంజుకుంటుంది. వాద్యబృందం ఒకచోట కూర్చుని వాయించిన పాత రికార్డులలో పల్లవికీ చరణానికీ వేగం కొద్దిగా మారడం సహజం. 120 దెబ్బల వేగంతో మొదలైన పాట 122కు చేరిందనుకోండి. దెబ్బకు 500 మిల్లీసెకన్లు వుండవలసినది 491.8 అయింది. ఏడు దెబ్బలకే 57 మిల్లీసెకన్ల ఎడం వచ్చి, మ్యాపు పాటను విడిచిపెడుతుంది. కాబట్టి వేగం మారిన ప్రతి చోటా కొత్త కాలబిందువు వ్రాయాలి. అలాగే హిందుస్తానీ సంగీతంలోని దాద్రాకు ఆరు మాత్రలు, రూపక్‌కు ఏడు. కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపుకు ఏడు. ఓసు కాలబిందువు వరుసలో మూడవ సంఖ్య ఆవర్తానికి ఎన్ని దెబ్బలో చెబుతుంది. అక్కడ 4 వుండనివ్వడమా, 7 వ్రాయడమా అన్నది ఫైలు చదివేవాని వివేకం మీద ఆధారపడి వున్నది. చదవనివాడు ఎడిటర్ ముందుగా పెట్టిన నాలుగునే ఒప్పుకుంటాడు. తన పాట ఎందుకు కుదరడం లేదో తెలియక, చివరకు మన పాటలే ఈ ఆటకు పనికిరావని తీర్మానిస్తాడు. ఆ తీర్మానం తప్పు. పనికిరానిది పాట కాదు, మనం మార్చకుండా వదిలిన ఒక అంకె.

లిపి విషయం కూడా ఇటువంటిదే. ఓసు ఫైలులో పాట పేరుకు రెండు చోట్లున్నాయి. ఒకటి రోమన్ అక్షరాలకు, రెండవది పాట స్వంత లిపికి. స్టెప్‌మేనియాలో కూడా అసలు పేరుకు ఒక చోటు, లిప్యంతరీకరణకు వేరొక చోటు వున్నాయి. జపాను విద్యార్థి తన పాట పేరును తన లిపిలో వ్రాస్తాడు. మనవారు రోమన్ అక్షరాలతో సరిపెట్టుకుంటున్నారు. తెలుగు పాటకు తెలుగులో, గజల్‌కు ఉర్దూలో పేరు వ్రాయడానికి అడ్డేమీ లేదు. ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచాలన్న ఒక్క జాగ్రత్త వుంటే చాలు. లేకుంటే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. రెండు భాషల పేరు పెట్టుకున్న పత్రికలో వ్రాస్తూ ఈ మాట చెప్పకపోతే నా వ్యాసం అసంపూర్ణం.

దీనికి వచ్చే ఆక్షేపణలను కూడా పరిశీలించడం న్యాయం. మొదటిది: ఎడిటర్ వుండగా ఈ శ్రమ ఎందుకు? గుర్తులను పాట వింటూ తెర మీద అమర్చడానికి ఎడిటరే తగిన సాధనం. వలయాలన్నింటినీ అంకెలతో వ్రాయమని నేను చెప్పను. ఎక్కడ తప్పు జరిగిందో తెలియనప్పుడు, ఒకే మార్పు వందచోట్ల చేయవలసినప్పుడు, రెండు కూర్పులకు తేడా చూడవలసినప్పుడు ఫైలును ఆశ్రయించాలి. రెండవది: చేతితో దిద్దితే ఫైలు పాడవుతుంది. నిజమే. ఒక్క కామా పోతే మ్యాపు తెరుచుకోకపోవచ్చు. అందుకే దిద్దడానికి ముందు నకలు తీసి వేరే పేరుతో దాచాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. చేసిన వెంటనే పాటతో ఆడి చూడాలి. ఏమి మార్చామో ఒక కాగితం మీద వ్రాసి పెట్టుకోవాలి. ప్రయోగశాలలో లవణాన్ని గుర్తించేటప్పుడు పాటించే క్రమం ఇదే కదా. అభ్యాసం కూసువిద్య అన్నారు. నాలుగు ఫైళ్లు దిద్దేసరికి భయం తీరుతుంది.

మూడవ ఆక్షేపణ కొంత బలమైనది. ఫైలును చేతితో దిద్దేవాడు ఎడిటర్ ఒప్పుకోని వింతలు కూడా చేయగలడు. ఒకే క్షణాన రెండు గుర్తులు పెట్టవచ్చు, మానవులకు సాధ్యంకాని వేగం వ్రాయవచ్చు. ఓసు మ్యాపులకు గుర్తింపునిచ్చే నియమాలు వలయాల ఆటలో ఒకే క్షణాన రెండు గుర్తులు పెట్టడాన్ని నిషేధించాయి. చేయగలగడం వేరు, చేయదగినది వేరు. వ్యాకరణం తెలిసినవాడు నియమాన్ని ఎక్కడ ఉల్లంఘిస్తున్నాడో తెలిసి ఉల్లంఘిస్తాడు; తెలియనివానికి అది తప్పు మాత్రమే. మ్యాపు ఇతరులు ఆడడానికి చేస్తున్నది కనుక వారి చేతులనూ, వారి ఓపికనూ దృష్టిలో వుంచుకోవడం కర్త ధర్మం.

విద్యార్థులు జాగ్రత్త వహించవలసిన విషయం మరొకటి వున్నది. పాట ఒకరి సొత్తు. ఓసు మ్యాపును పంచుకునే మూట ఫైలులో పాట రికార్డు కూడా వుంటుంది. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ధ్వని రికార్డుకు ప్రచురణ తరువాత 60 ఏళ్ల రక్షణ వున్నది. గీతానికీ, స్వరరచనకూ విడిగా హక్కులుంటాయి. సినిమా పాటను అనుమతి లేకుండా మూటగట్టి పంచడం సరైన పని కాదు. దీనికి మార్గం మన చేతిలోనే వున్నది. మన విద్యార్థులలో దఫ్ వాయించేవారు, తబలా మృదంగాలు నేర్చినవారు, పాడగలిగినవారు వుంటారు. వారి సమ్మతితో వారి కళనే రికార్డు చేసి మ్యాపులు కూర్చవచ్చు. అప్పుడు పాట మనది, తాళం మనది, లెక్కా మనదే.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. కంప్యూటరు గదిలో ఆటలు ఆడరాదన్న నియమం చాలా విద్యాసంస్థలలో వున్నది, దానికి కారణమూ వున్నది. ఆ నియమాన్ని తొలగించమని నేను అడగను. ఆట ఆడేవానికీ, ఆటకు మ్యాపు వ్రాసేవానికీ గల భేదాన్ని గుర్తించమని మాత్రమే అడుగుతున్నాను. మొదటివాడు కాలక్షేపం చేస్తున్నాడు. రెండవవాడు భాగహారం, దశాంశం, ద్విసంఖ్యామానం, ఛందస్సు, చట్టం, లిపి అనే ఆరింటిని ఒకే బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అతనిని కూడా ఆటగానిగా లెక్కించి బయటికి పంపితే, అతడు ఆ పని మానడు. వసతిగృహంలో అర్ధరాత్రి వేళ, అడిగేవారూ చెప్పేవారూ లేకుండా చేస్తాడు. ఆ విధంగా నేర్చినదానిలో సగం తప్పు, సగం వృథా.

వారానికి ఒక మధ్యాహ్నం రెండు గంటలు చాలు. స్టెప్‌మేనియా ఉచితంగా లభించే ప్రోగ్రాము. దాని మూలం కూడా అందరికీ తెరచి వున్నది. నోట్‌ప్యాడుకు ఖర్చు లేదు. గణితశాఖవారు లెక్కను, భాషాశాఖలవారు లిపిని, సంగీతం తెలిసినవారు తాళాన్ని సరిచూస్తే, ఏడాది చివరకు ఒక్కొక్క బృందం ఒక్కొక్క మ్యాపు తీసుకురాగలదు. వార్షికోత్సవం నాడు వాటిని ప్రదర్శించవచ్చు. ఆ ఫైళ్ల అచ్చుప్రతులను గ్రంథాలయంలో భద్రపరచవచ్చు కూడా. అవి మామూలు అక్షరాలలో వున్నవి కాబట్టి, పదేళ్ల తరువాత ఆ ఆట మూలపడినా, అక్కడ ఏ తాళానికి ఏ గుర్తు వేశారో అప్పటి విద్యార్థి చదివి తెలుసుకోగలడు.

విద్యార్థి మిత్రులారా! మీరు చేసిన మ్యాపును ఈ రాత్రి ఎడిటర్‌లో కాక నోట్‌ప్యాడులో ఒకసారి తెరవండి. నకలు తీసుకోవడం మరవకండి. మొదటి ఆవర్తం వేళ్ల మీద లెక్కించండి. దెబ్బకు ఎన్ని మిల్లీసెకన్లో కాగితం మీద భాగించి సరిచూడండి. పాట పేరు మీ లిపిలో వున్నదో లేదో చూడండి, లేకుంటే వ్రాయండి. ఇంతవరకు మీకోసం యంత్రం తీసుకున్న నిర్ణయాలు ఎన్ని వున్నాయో అప్పుడు మీకే తెలుస్తుంది. వాటిలో మీకు సమ్మతమైనవి వుండనివ్వండి. సమ్మతం కానివి మీ చేతితో దిద్దండి.